ఈకలు గీకేసిన చేతులు

పోయిన నెల మద్దిలపాలెం డిపో దగ్గర సిగ్నల్లో బస్సు ఆగినప్పుడు, రెండంతస్తుల ఎత్తున కట్టిన ఒక ఫ్లెక్సీ కిటికీలోంచి కనిపించింది. ఊళ్లోకి కొత్తగా వస్తున్న డైనోసార్ల ప్రదర్శన తాలూకుది. పాము చర్మంతో, మనిషంత ఎత్తున నిలబడ్డ ఒక రాప్టరు, ముందు చేతులు రెండూ కడుక్కుని నీళ్లు విదిలిస్తున్నట్టు కిందికి వాల్చి, జనం మీదికి దూకబోతోంది. "ఆ చేతులు అలా వాలవు" అని నాకు తెలియకుండానే పైకి అనేశాను కాబోలు, పక్క సీట్లోని కాలేజీ అమ్మాయి ఫోన్లోంచి తలెత్తి ఒకసారి చూసి, కొంచెం కిటికీ వైపు జరిగి కూర్చుంది. అరవై దాటిన మనిషి బస్సులో డైనోసారు చేతుల గురించి తనలో తాను మాట్లాడుకుంటుంటే ఎవరైనా అదే చేస్తారు. ఆ అమ్మాయికి చెప్పలేనిది, నా ఈడు వాళ్లు మీరున్నారు కనుక మీకు చెప్పుకుంటాను.

నేను మా మావయ్య దగ్గర పనిలో చేరేనాటికి నాకు ఇరవై నిండలేదు. మావయ్య అంటే మా అమ్మకు స్వయానా తమ్ముడు. తరువాత నాకు పిల్లనిచ్చిన మామ కూడా ఆయనే. వేటకు పోయే కుటుంబమే అయినా, చెక్క పడవలు పోయి ఫైబర్ పడవలు వచ్చిన రోజుల్లో ఆయన సముద్రం మానేసి, ఫిషింగ్ హార్బర్ వెనక, ఐస్ ఫ్యాక్టరీలు దాటాక ఒక రేకుల షెడ్డు వేసుకుని పడవలు పోయడం మొదలుపెట్టాడు. పోయడం అనే మేమంటాం. ముందు పడవ ఆకారానికి ఒక అచ్చు ఉంటుంది, దాని లోపలంతా మైనం రుద్ది, ఆ పైన రెజిన్ అనే జిగురు పూస్తూ ఫైబర్ మ్యాట్ పొరలు పొరలుగా అతికించుకుంటూ పోతే, ఎండి గట్టిపడ్డాక అచ్చులోంచి పడవ ఊడి వస్తుంది. మైనం సరిగ్గా రుద్దకపోతే ఇక ఊడదు, అచ్చూ పడవా రెండూ పాడవుతాయి. నేను చేరిన మొదటి ఏడాదిలో రెండుసార్లు అలా పాడుచేశాను, రెండుసార్లూ ఆయన నన్ను తిట్టలేదు, మైనం డబ్బా నా చేతికిచ్చి పక్కన కూర్చున్నాడు, అంతే.

అచ్చులోంచి ఏది బయటికొచ్చినా, పెద్ద మరబోటుకు వేసే గది కప్పయినా సరే, చిన్న తెప్పయినా సరే, దాని ముక్కు మీద పసుపు ముద్ద పెట్టి బొటనవేలితో అద్దనిదే మావయ్య దాన్ని షెడ్డు గడప దాటనిచ్చేవాడు కాదు. అందుకోసం ఒక పాత పౌడరు డబ్బాలో పసుపు ఎప్పుడూ ఉండేది. పసుపు పెట్టాడంటే ఆ వస్తువు బాధ్యత తనదని ఒప్పుకున్నట్టు. ఎవరూ ఈ మాట పైకి చెప్పేవాళ్లు కారు గానీ హార్బరులో అందరికీ తెలుసు. కొనేవాళ్లు వచ్చి ముందు పడవ ముక్కే చూసేవాళ్లు.

మా ఇద్దరికీ ఇంకో పిచ్చి ఉండేది, సినిమాలు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది, ఇంగ్లీషు డైనోసార్లు తెలుగులో అరుస్తూ మన హాళ్లలోకి మొదటిసారి వచ్చిన రోజులవి. టికెట్ల కోసం గోడ పక్కన ఎండలో నిలబడి లోపలికెళ్లాం. ఆ రాప్టర్లు గుంపుగా మాటువేయడం, తెలివిగా తలుపులు తీయడం, మనిషి మీదికి దూకి కాలి గోరుతో చీల్చడం చూసి హాలంతా బిగుసుకుపోయి కూర్చుంటే, మావయ్య మాత్రం ముందుకు వంగి, వ్యాపారి చేపను చూసినట్టు చూశాడు. బయటికొచ్చాక టీ తాగుతూ అన్నాడు.

"ఒరే అల్లుడూ, అది మెడ తిప్పడం సూసేవా? అడుగెయ్యడం సూసేవా? మన డేగ పుంజేరా అది. ఎవడో ఈకలు పీకేసి ఒదిలేసినట్టున్నాడు."

మావయ్యకు కోళ్లంటే ప్రాణం. పందేలకు కాదు, ఊరికే పెంచేవాడు. షెడ్డు వెనక ఎప్పుడూ ఒక ఎర్రటి డేగ పుంజు తిరుగుతూ ఉండేది, అది ముసలిదై పోతే ఇంకోటి వచ్చేది. ఆయన మాటకు నేను ఆ రోజు పొట్ట పట్టుకుని నవ్వాను. ఇంటికెళ్లి మా ఆవిడకు చెబితే ఆవిడా నవ్వింది. సముద్రం మీద పెరిగి, బడికి సరిగ్గా వెళ్లని మనిషి హాల్లో కూర్చుని చూసి కనిపెట్టింది నిజమని తెలియడానికి మాకు చాలా ఏళ్లు పట్టింది.

ఇప్పటికి పదిహేడేళ్ల కిందట అనుకుంటాను, పడవల పని బాగా పలచబడింది. వేరే ఊళ్లలో పెద్ద షెడ్లు వచ్చాయి. మా షెడ్డులో పనిచేసే నలుగురికీ వారంలో సగం రోజులు పని ఉండేది కాదు. అలాంటప్పుడు బీచ్ వైపు కొత్తగా కడుతున్న ఒక పిల్లల పార్కు మేనేజరు మా దగ్గరికొచ్చి, డైనోసారు బొమ్మలు పోయగలరా అని అడిగాడు. ముందు ఒక రాప్టరు చేసి చూపిస్తే, నచ్చితే మిగతావన్నీ మాకే ఇస్తానన్నాడు. మావయ్య ఆ రోజే బంకమట్టి తెప్పించాడు. ఇనప చువ్వలతో అస్థిపంజరంలా కట్టి, దాని మీద మట్టి మెత్తి బొమ్మ చేయాలి, ఆ మట్టి బొమ్మ మీద అచ్చు తీయాలి, ఆ అచ్చులో ఫైబర్ పోయాలి. సినిమాలో చూసింది గుర్తుపెట్టుకుని, ఒక పోస్టరు ముక్క గోడకు అతికించుకుని, చర్మం పొలుసులు గీకడం మొదలుపెట్టాం.

అప్పుడే మేడంగారు వచ్చారు. ఆవిడ ఒక కాలేజీలో జువాలజీ చెప్పేవారు, చేపలు చూపించడానికి తన విద్యార్థుల్ని హార్బరుకు తీసుకొచ్చేవారు. ఆ రోజు తెల్లారి వేలం అయిపోయాక మా షెడ్డు ముందు నుంచి పోతూ మట్టి బొమ్మను చూసి ఆగిపోయారు. చాలాసేపు చుట్టూ తిరిగి చూసి, "చాలా బాగా చేశారు బాబాయ్, కానీ ఇది సినిమావాళ్లు చేసిన జంతువు, బతికిన జంతువు కాదు" అన్నారు. నాకు ఒళ్లు మండింది. మావయ్య మాత్రం స్టూలు తుడిచి వేశాడు.

మర్నాడు ఆవిడ ఒక లావుపాటి పుస్తకం పట్టుకొచ్చారు. ఆ సినిమాలో పెట్టిన పేరు గల జంతువు అసలు మన నడుం దాకా కూడా రాదట, పెద్ద టర్కీ కోడి అంత ఉంటుందట, దూరాన మంగోలియా ఎడారిలో బతికిందట. దాని బంధువుల్లో పెద్దవి ఉన్నాయి గనక మనిషంత ఎత్తు చేస్తే పెద్ద తప్పు కాదు గానీ, ఒంటి నిండా ఈకలుండాలి, చేతులకు రెక్కల్లాంటి పొడవాటి ఈకలుండాలి, అయినా ఎగరలేదు. అరచేతులు కిందికి తిరగవు, రెండు చేతుల మధ్య బంతి పట్టుకున్నట్టు ఒకదానికొకటి ఎదురుగా ఉంటాయి. తోక పాములా మెలికలు తిరగదు, కర్రలా బిగుసుకుని ఉంటుంది. కాలి మీది ఆ పెద్ద కొడవలి గోరు పొట్టలు చీల్చడానికి కాకపోవచ్చు, గద్ద ఎలకను కాలికింద తొక్కి పట్టినట్టు పట్టుకోవడానికి కావచ్చునట. గుంపుగా వ్యూహాలు పన్ని వేటాడిందనడానికి గట్టి ఆధారమేదీ లేదట, దాని తెలివి కూడా పక్షి తెలివి అంతేనట. ఒక్కొక్కటీ వింటూ నేను గోడ మీది పోస్టరు వైపు చూశాను. ఇన్నేళ్లుగా భయపడింది దేనికో నాకు అర్థం కాలేదు.

ఈకలు ఉన్నాయని ఎలా తెలిసిందమ్మా, మట్టిలో ఈకలు మిగులుతాయా అని మావయ్య అడిగాడు. కొన్ని చోట్ల ఈకల అచ్చు రాళ్ల మీద కూడా దొరికిందన్నారు ఆవిడ. ఈ జంతువు విషయంలో మాత్రం ముంజేతి ఎముక ఫోటో చూపించారు. ఎముక పొడవునా వరసగా చిన్న చిన్న బుడిపెలు. "ఈకలు పోయాయి బాబాయ్, అవి నాటుకున్న చోటు ఎముక మీద ఉండిపోయింది" అన్నారు.

ఆ ఆదివారం మా ఇంట్లో ముసలి నాటుకోడి కూర. మావయ్య రెక్క ముక్క వేయించుకుని, మాంసమంతా తినేసి, ఆ ఎముకను నీళ్లతో కడిగి, గోటితో నిమ్మళంగా రుద్దుతూ కూర్చున్నాడు. తరువాత నా వేలు పట్టుకుని దాని మీద పెట్టాడు. చిన్న గరుకు తగిలింది, తరువాత ఇంకొకటి. "సూసేవా, సెయ్యెట్టి సూడు, ఉన్నాయి" అన్నాడు. అరవై అయిదేళ్ల మనిషి ముఖంలో అంత సంతోషం నేను అంతకుముందు చూడలేదు, నా పెళ్లిలో కూడా.

ఆ మర్నాడే గోడ మీది పోస్టరు తీసి పక్కన పెట్టి, పొలుసులన్నీ చెరిపేశాడు. చువ్వలు విప్పి తోకను తిన్నగా బిగించాడు, మణికట్లు లోపలికి తిప్పాడు. పుంజును ఒళ్లో పెట్టుకుని, దాని రెక్క విప్పి చూస్తూ, మట్టిలో ఒక్కొక్క ఈకా చెక్కాడు. నెల పట్టింది. మోచెయ్యి నుంచి వేళ్ల దాకా పరుచుకున్న ఆ ఈకల్ని చూస్తే నాకే ముట్టుకోవాలనిపించేది. మట్టి బొమ్మే అయినా పుంజు దాని ముందుకు పోయి మెడ రిక్కించేది.

మేనేజరు చూడటానికి వచ్చాడు. మంచివాడే, ఎవరి మీదా అరిచే రకం కాదు. కానీ మొదట నవ్వాడు, తరువాత ముఖం చిన్నబోయింది. "ఇది కోడి కదండీ. పిల్లలు టికెట్టు కొని కోడిని చూడటానికొస్తారా? సినిమాలో ఎలా ఉందో అలా కావాలి, పదిరోజుల్లో అచ్చు తీయకపోతే వేరేవాళ్లకిచ్చేస్తాను" అన్నాడు. మావయ్య మేడంగారి పుస్తకం గురించి చెప్పబోయాడు. ఆయన చెప్పింది మేనేజరు వింటున్నట్టే ఉన్నాడు గానీ కళ్లు ఫోన్లో ఉన్నాయి.

సరిగ్గా ఆ వారమే మావయ్య కంటికి శుక్లాల ఆపరేషను. తేదీ ఎప్పుడో ఖాయమైపోయింది. వెళ్లే ముందు షెడ్డులోకొచ్చి, మట్టి ఆరిపోకుండా తడి గోనె కప్పి, నా భుజం మీద చెయ్యి వేశాడు. "ఈకల మీద సెయ్యెట్టకు. నానొచ్చేక ఆ బాబుతో మాటాడతాను. ఒప్పుకోకపోతే మానేద్దాం, పడవలు సేసుకుందాం" అన్నాడు. నేను అలాగే మావా అన్నాను. ఆ మాట ఆయన ముఖం చూస్తూనే అన్నాను.

మూడోరోజు పొద్దున్నే గోనె తీసి, మేకు, పలక, తడి గుడ్డ తీసుకుని ఈకలన్నీ గీకేశాను. షెడ్డు మూతపడితే నలుగురి ఇళ్లలో పొయ్యి వెలగదని, నా పిల్లల చదువులు ఆగిపోతాయని నాకు నేను చెప్పుకున్నాను. అవన్నీ నిజాలే. కానీ నేను గీకింది ఆ నిజాల కోసం మాత్రమే కాదు. కోడిని చేసినవాళ్లమని హార్బరులో నవ్వుతారేమోనని కూడా గీకాను. నలభై అయిదేళ్లవాణ్ణి, కుర్రతనం అని చెప్పి తప్పించుకోవడానికి లేదు. ఈకలు పోయాక పొలుసులు అద్దాను, చువ్వ వంచి చేతులు కిందికి వాల్చాను. పోస్టరు మళ్లీ గోడకు అతికించుకున్నాను. అది పనికొచ్చింది కూడా, బొమ్మ అచ్చం పోస్టరులా వచ్చింది.

వారం తిరిగాక మావయ్య కంటి మీద పచ్చ గుడ్డ కట్టుకుని వచ్చాడు. డాక్టరు దుమ్ములోకి పోవద్దన్నాడు, ఆయన వినలేదు. గోనె నేను తీయలేదు, ఆయనే తీశాడు. ఒక కన్ను మూసి ఉంది, ఇంకో కంటికి అప్పటికే మసక. అందుకని చూడలేదు. మోచేతి దగ్గర అరచెయ్యి ఆనించి, నెమ్మదిగా మణికట్టు దాకా జరిపాడు. మళ్లీ వెనక్కి జరిపాడు. నేను గోడకు ఆనుకుని నిలబడి, తిడతాడని, కొడతాడని, ఏదో ఒకటి చేస్తాడని ఎదురుచూశాను. నిజానికి చేయాలని కోరుకున్నాను.

"సేతులు తిరిగిపోయేయేటిరా" అన్నాడు. అంతే. గోనె మళ్లీ కప్పేసి, "సరే, అచ్చు తియ్. ఒళ్లు నువ్వు పొయ్యి. సేతులు నాకొగ్గేయ్, అవి నాను పోత్తాను" అన్నాడు.

కంటికి రెజిన్ ఘాటు తగులుతుందని ఎంత చెప్పినా ఊరుకోలేదు. చేతుల అచ్చులు రెండూ షెడ్డు వెనక్కి, పుంజు తిరిగే చోటుకు పట్టుకుపోయి, పచ్చ గుడ్డ కట్టుకున్న కంటితోనే తడుముకుంటూ పోసుకున్నాడు. అతికించడం కూడా ఆయనే చేశాడు. నన్ను దగ్గరికి రానివ్వలేదు. చేసిన పాపానికి అది శిక్ష అనుకుని నేను దూరంగా ఉండిపోయాను.

రాప్టరు తయారై, రంగు వేసుకుని, లారీ ఎక్కేరోజు వచ్చింది. మావయ్య పసుపు డబ్బా తీసుకుని వచ్చాడు. మూత తీశాడు. దాని ముక్కు వైపు కొంతసేపు చూసి, మూత పెట్టేసి, డబ్బా మళ్లీ అలమరలో పెట్టి ఇంటికెళ్లిపోయాడు. మా షెడ్డు నుంచి పసుపు లేకుండా బయటికెళ్లిన వస్తువు అదొక్కటే. పార్కులో పిల్లలు దాన్ని చూసి జడుసుకున్నారని, కేకలు వేశారని మేనేజరు ఫోన్ చేసి మెచ్చుకున్నాడు. మిగతా బొమ్మలన్నీ మాకే ఇచ్చాడు. షెడ్డు నిలబడింది. ఆ తరువాత మావయ్య మట్టి ముట్టుకోలేదు, బొమ్మలన్నీ నేనే చేశాను, ఆయన పడవలే పోశాడు. నాతో మామూలుగానే మాట్లాడేవాడు, మా ఇంట్లో కూర్చుని మా పిల్లలకు చేప ముళ్లు తీసి పెట్టేవాడు. ఆరేళ్లకు పోయాడు. ఆ విషయం ఆయన ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. క్షమించమని అడగడానికి ఆరేళ్లు చాలలేదు నాకు.

బస్సులో ఆ ఫ్లెక్సీ చూసిన రెండు వారాలకు పార్కు నుంచి ఫోనొచ్చింది. ఇప్పుడక్కడ ఎవరో కొత్త కుర్రాడు మేనేజరు. పాత బొమ్మలు తీసేస్తున్నారట, మోటార్లతో తలలు తిప్పి అరిచే బొమ్మలు ఎక్కడి నుంచో పెట్టెల్లో వస్తున్నాయట, కావాలంటే పాతవి పట్టుకుపొమ్మన్నాడు. గూడ్స్ ఆటో మాట్లాడుకుని వెళ్లాను. రాప్టరు రంగు వెలిసిపోయి, ఉప్పుగాలికి పగుళ్లు తేలి, పిల్లలెక్కి ఎక్కి వీపు మీద నున్నగా ఉంది. ఆటోలోకి ఎత్తేటప్పుడు కుడిచెయ్యి గేటు స్తంభానికి తగిలి, అతుకు వెంబడి కాయ విచ్చినట్టు రెండుగా విడిపోయింది.

లోపలి ఫైబరు నిమ్మరసం రంగులో మెరుస్తోంది. దాని మీద, మోచెయ్యి నుంచి మణికట్టు దాకా వరసగా, ఒకదాని పక్కన ఒకటి, నిజం ఈకలు. ఎర్రటి డేగ పుంజు ఈకలు. పెద్దవి కింద, చిన్నవి పైన, రెక్క మీద ఎలా ఉంటాయో అలాగే. రెజిన్ కింద పదిహేడేళ్లు గాలి తగలక రంగు కూడా పోలేదు. పచ్చ గుడ్డ కట్టుకున్న మనిషి వేళ్లతో తడుముకుంటూ అంత తిన్నగా ఎలా పరిచాడో నాకు తెలియదు. అక్కడే, పార్కు గేటు పక్కన, సిమెంటు గట్టు మీద కూర్చుండిపోయాను. ఆటో అతను నీళ్లు తెచ్చిచ్చాడు.

ఇంటికొచ్చి మా ఆవిడకు చూపిస్తే ఒక్కో ఈక మీదా వేలు పెట్టి చూసింది. తరువాత గుర్తు తెచ్చుకుని చెప్పింది, ఆపరేషను అయిన రెండో వారం వాళ్ల నాన్న పుంజు వెనకాల తిరిగి రాలిన ఈకలు ఏరుతున్నాడట, ఎందుకు నాన్నా అంటే, "పనుందే" అన్నాడట. ఎడమచెయ్యి కూడా కోసి చూద్దామా అంది. వద్దన్నాను. అందులోనూ ఉంటాయి, నాకు తెలుసు.

నన్ను క్షమించి పెట్టాడో, నేను చేసిన దాన్ని ఒప్పుకోక పెట్టాడో ఎంత ఆలోచించినా తేలలేదు. పసుపు పెట్టలేదు కదా, మరి. బయట నేను చెరిపేసిన దాన్ని లోపల పెట్టి పంపించాడు, అంతవరకే నాకు తెలిసింది. ఎప్పుడో ఎవరో విరగ్గొట్టినప్పుడు కనిపిస్తే చాలనుకున్నాడేమో, ఆ ఎముక మీది బుడిపెలు మనకు కనిపించినట్టు. మేడంగారు ఎక్కడున్నారో వాకబు చేస్తే, ఉద్యోగం నుంచి రిటైరై కూతురి దగ్గరికి వెళ్లిపోయారన్నారు. ఆవిడకు చూపించి ఉంటే బాగుండేది.

ఇప్పుడు బొమ్మలు కంప్యూటరులో గీసి యంత్రాలు చెక్కుతున్నాయి, పడవలు వేరే ఊళ్లలో పోసి ట్రైలర్ల మీద వస్తున్నాయి, వాటి ముక్కులు ఎవరూ చూడరు. మా షెడ్డులో నేనూ, ఒక పాత పనివాడూ మిగిలాం. ఈకల సంగతి ఇప్పుడు బడిపిల్లలకు కూడా తెలుసని మా మనవరాలు అంటోంది, అయినా ఫ్లెక్సీ మీది చేతులు అలాగే వాలి ఉన్నాయి. నేను పోయిన వారం బంకమట్టి తెప్పించాను. ఎవరూ అడగలేదు. మోకాలెత్తు బొమ్మ, అసలు ఎంత ఉండేదో అంతే, బంతి పట్టుకున్నట్టు చేతులు. నాకూ కుడికంట్లో శుక్లం ముదిరిందట, డాక్టరు తొందరపెడుతున్నాడు. చేతుల ఈకలు పూర్తయ్యేదాకా ఆగమన్నాను. మావయ్య పౌడరు డబ్బా అలమరలోనే ఉంది, అడుగున పసుపు గడ్డకట్టి ఉంటే పారబోసి కొత్తది నింపాను. దీనికి పసుపు ముక్కు మీదే పెడతాను, అందరికీ కనబడేలా.